కార్డుకు కార్డు

"ఏవండీ! ఫిన్లండు నుంచి మీ బాకీ వచ్చింది!" అని మా ఆవిడ వీధిగుమ్మంలో నిలబడి కేక వేసేసరికి ఎదురింటివారు కంగారుపడి కిటికీ తెరిచారు. ఊళ్లో అప్పులు చాలక లెక్చరరుగారు పరదేశాలలో కూడా చేశారు కాబోలు అనుకున్నారో ఏమో! తీరా చూస్తే పోస్ట్‌మాన్ ఇచ్చి వెళ్లినది ఒక్క కార్డుముక్క. ఒకవైపు మంచు కప్పిన చెక్క ఇల్లు. రెండోవైపు నా పేరు, మా ఊరు, పిన్‌కోడు, నాలుగు వాక్యాల రాత.

బాకీ అన్నమాట మాత్రం అక్షరాలా నిజం. నేనొక కొండపల్లి బొమ్మల కార్డు పంపాను. ఆవిడ తన ఊరి శీతాకాలం పంపుతానన్నది. మధ్యవర్తి లేడు, నోటు లేదు, సాక్షి సంతకం లేదు. మన పల్లెల్లో చేబదులు ఇచ్చినట్టే, వట్టి మాట మీద నడిచే బేరం. ఈ బేరం ఎలా చెయ్యాలో, చేస్తే చివరికి ఏం మిగులుతుందో చెబుదామని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. పదకొండేళ్లుగా చేస్తున్నవాణ్ణి గనక కొన్ని దెబ్బలు తిన్న అనుభవం కూడా వున్నది.

కార్డు పుట్టుక

పోస్టుకార్డు మరీ పురాతనమైన వస్తువేమీ కాదు. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా–హంగరీలో మొదటి కార్డు అమ్మకానికి వచ్చింది. రెండు ముక్కలు రాయడానికి ఇంత కాగితమూ, కవరూ దేనికన్న ఎమాన్యుయేల్ హెర్మన్ అనే అర్థశాస్త్రవేత్త ఆలోచన అది. మన దేశంలో 1879 జూలై 1న కాలణాకు కార్డు వచ్చింది. ఇన్నేళ్ల తరవాత కూడా దేశంలో తిరిగే మామూలు కార్డు అర్ధరూపాయే. బజారులో అర్ధరూపాయికి దొరికే వస్తువు మరొకటి చూపించండి!

దేశం దాటే కార్డు సంగతి వేరు. 1874లో బెర్న్ నగరంలో కొన్ని దేశాలు కూడి తపాలా ఒప్పందం చేసుకున్నాయి. అదే తరవాత సార్వత్రిక తపాలా సమాఖ్య అయింది. 1876లో మన దేశం అందులో చేరింది. మనం విజయవాడలో అంటించిన స్టాంపును జపాను పోస్ట్‌మాన్ గౌరవించడం ఆ ఒప్పందం చలవే.

మొదట్లో కార్డుకు ఒకవైపంతా చిరునామాకే కేటాయించేవారు. మాట రాయాలంటే బొమ్మ పక్కనో, కిందనో ఇరికించవలసిందే. 1902లో బ్రిటను, 1907లో అమెరికా ఆ వెనకవైపును రెండు భాగాలు చేసి, ఎడమవైపు ఉత్తరం, కుడివైపు చిరునామా రాసుకోనిచ్చాయి. అప్పటినుంచి బొమ్మకు ఒకవైపు పూర్తిగా దక్కింది. బొమ్మకార్డులు కూడబెట్టే సరదా పెరగడానికి ఈ చిన్న గీత ఎంతో దోహదం చేసింది.

మా ఇంట్లో ఈ సరదా నాన్నగారితో మొదలైంది. ఆయన పిచ్చి రేడియో. విజయవాడలో 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం వెలసింది గాని, ఆయనకు దగ్గరి కేంద్రం వింటే తృప్తి వుండేది కాదు. రాత్రి పొద్దుపోయిందాకా ముల్లు తిప్పి తిప్పి మాస్కో, కొలోన్ పట్టేవారు. ఏ రోజు, ఏ వేళకు, ఎన్ని మీటర్ల మీద, ఎంత స్పష్టంగా వినిపించిందో రాసి పంపితే ఆ కేంద్రంవారు "నిజమే, మీరు విన్నది మమ్మల్నే" అని ధ్రువపరుస్తూ ఒక బొమ్మకార్డు పంపేవారు. వీటిని క్యూ.ఎస్.ఎల్. కార్డులంటారు. మాట్లాడి కార్డులు మార్చుకునే రేడియో ఔత్సాహికులు ఇప్పటికీ వున్నారు. నాన్నగారు పోయాక ఆ కార్డుల ట్రంకుపెట్టె నాకు వచ్చింది.

రెండు దారులు

ఇప్పుడు కార్డు మిత్రులను సంపాదించడానికి రెండు దారులున్నాయి. ఒకటి పోస్ట్‌క్రాసింగ్. 2005 జూలై 14న పాలో మగల్యాయిష్ అనే పోర్చుగల్ విద్యార్థి మొదలుపెట్టిన ఏర్పాటిది. మీరు చేరి చిరునామా అడిగితే ఎక్కడో ఒకరిది ఇస్తారు. దానితోపాటు ఒక నెంబరు కూడా ఇస్తారు. ఆ నెంబరు కార్డు మీద రాసి పంపాలి. అందుకున్న మనిషి నెంబరు నమోదు చేయగానే, మీకు కార్డు పంపే వంతు వేరొకరికి వస్తుంది. మీరు రష్యాకు పంపితే మీకు తైవాను నుంచి రావచ్చును. ఒకరికిచ్చి మరొకరి దగ్గర పుచ్చుకోవడమన్నమాట. లెక్క తప్పదు, కాని పరిచయం పెరగదు.

రెండోది నేను చెప్పబోయే దారి: నేరుగా మార్చుకోవడం. ఈయన నాకు పంపుతాడు, నేను ఈయనకే పంపుతాను. పోస్ట్‌క్రాసింగులో చేరినవారు కూడా నేరుగా మార్చుకోవడం తమకు ఇష్టమో కాదో తమ వివరాలలో తెలుపుతారు. ఇష్టం లేదన్నవారిని బలవంతపెట్టకండి. ఇష్టమన్నవారికి చిన్న ఉత్తరం రాసి, మీ దగ్గరేమున్నవో, మీకేమి కావాలో చెప్పండి. లెక్క చూసే నెంబరు ఇక్కడ లేదు గనక, మన మాటే నెంబరు.

మాస్టారి పాఠాలు

ఈ విద్యలో నాకు గురువు బందరులోని ఒక రిటైరయిన హెడ్‌మాస్టారు. మొదటిసారి ఆయనకు పది కార్డుల జాబితా పంపితే, దాన్ని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపారు! రాసినవా, రాయనివా? స్టాంపు కార్డు మీదనా, కవరు మీదనా? ఎప్పటిలోగా? ఈ మూడు ప్రశ్నలూ మార్జిన్‌లో వున్నాయి. పదికి నాలుగు మార్కులు వేశారు. ఎం.ఏ.లో కూడా నాకంత తక్కువ రాలేదు.

తరవాత తెలిసింది, ఆ మూడు ప్రశ్నల్లోనే అసలు కిటుకంతా వున్నదని. కొందరికి కార్డు మీదే స్టాంపు అంటించి, ముద్ర పడి, నాలుగు చేతులు మారి నలిగి వస్తేనే ఆనందం. కొందరికి కొత్త పెళ్లికూతురిలా మరక లేకుండా కవరులో రావాలి. ఒకరికి ఒకటి పంపి, మరొకటి ఆశిస్తే ఇద్దరికీ మనసు కష్టం. అందుచేత ముందే తేల్చుకోవలసినవి ఇవి: ఎన్ని కార్డులు, ఏ బొమ్మలు, రాసినవా ఖాళీవా, విడిగానా కవరులోనా, ఎవరు ముందు, ఏ తారీకులోగా. మాట కుదిరాక ఒకే రోజున ఇద్దరూ పోస్టు చేయడం అన్నిటికన్నా ఉత్తమం. కుదరకపోతే కొత్తగా చేరినవారు ముందు పంపడం మర్యాద.

ఖరీదు లెక్కలు చూడకండి. ఒక దేశంలో స్టాంపు చవక, మరొక దేశంలో ప్రియం. కార్డుకు కార్డే లెక్కగాని రూపాయికి యూరో కాదు. ఎవరైనా డబ్బు పంపమంటే అది మార్పిడి కాదు, వర్తకం. అక్కడితో నమస్కారం పెట్టండి. కవరులో నోట్లూ నాణేలూ పెట్టి పంపకండి.

చిరునామా వారు ఎలా ఇచ్చారో అలాగే రాయాలి, మనకు తోచినట్టు వరస మార్చకూడదు. దేశం పేరు ఇంగ్లీషులో చివరి వరసలో పెద్ద అక్షరాలతో రాయండి. జపాను, రష్యా లిపుల్లో చిరునామా ఇస్తే అచ్చు తీసి అంటించడం మంచిది. మన లోపలి కార్డులకు పిన్‌కోడు మరవకండి. 1972 ఆగస్టు 15న వచ్చిన ఆ ఆరంకెలు కార్డును సరైన ఊరికి చేరుస్తాయి. 520 చూడగానే అది విజయవాడ తట్టు అని ఎక్కడివారికైనా తెలిసిపోతుంది. రాతకు బాల్‌పెన్ను వాడండి. సిరా కలంతో రాసిన నా కార్డొకటి శ్రావణమాసంలో బయలుదేరి, మేఘసందేశంలాగా వట్టి నీలిమేఘంగా మారి చేరింది.

ఇక బొమ్మలెక్కడ దొరుకుతాయంటారా? నిజమే, మన ఊళ్లో బొమ్మకార్డుల దుకాణాలు లేవు. జనవరిలో పుస్తక మహోత్సవం జరిగేటప్పుడు వెతికితే కొన్ని దొరుకుతాయి. పాత పుస్తకాల అంగళ్లలో పుస్తకం పేజీల మధ్య ఒక్కొక్కప్పుడు పాత కార్డులు బయటపడతాయి. అన్నిటికన్నా సులువు, మనం తీసిన ఫొటోను దళసరి కాగితం మీద అచ్చు వేయించుకోవడం. పెద్ద కొలత కార్డు దేశంలో పంపాలంటే ఉత్తరం రేటు పడవచ్చును. విదేశాల రేట్లు కూడా మారుతుంటాయి. కాబట్టి కౌంటరు దగ్గర చూపించి, అడిగి అంటించండి. వీలైతే స్టాంపు మీద ముద్రను మీ ఎదుటే చక్కగా వేయమనండి. బొమ్మకు తగిన స్టాంపు బొమ్మవైపే అంటించి, దానికి తగిన ముద్ర వేయిస్తే దాన్ని మాక్సిమమ్ కార్డంటారు. అవి కూడబెట్టేవారి దృష్టిలో దాని విలువే వేరు.

పిల్లలున్న ఇళ్లవారికి ఒక మనవి. పిల్లల పేర్లూ, చిరునామాలూ తెలియనివారికి ఇవ్వనివ్వకండి. ఉత్తర ప్రత్యుత్తరాలు పెద్దల పేరుమీదే జరగనివ్వండి. వచ్చిన కార్డు మీద స్టాంపు చూసి ఆ దేశం పటంలో ఎక్కడున్నదో వెతికే పని పిల్లలకప్పగించండి. మా అమ్మాయికి భూగోళం అలాగే పట్టుబడింది.

ఓపిక కావాలి. విదేశాల కార్డు మూడు వారాల్లో రావచ్చు, మూడు నెలలు పట్టవచ్చు. అరవై రోజులు గడిచేదాకా నేను గుర్తు చేయను. తరవాత ఒక్కసారి మర్యాదగా అడుగుతాను. అప్పటికీ జవాబు లేకపోతే ఆ పద్దు కొట్టివేస్తాను. ఒక ఊరి పెద్దమనిషి నా దగ్గర ఎనిమిది కార్డులు, అందులో కలంకారీ అద్దకాలవి నాలుగు, పుచ్చుకుని మాయమైపోయాడు. నేను అగ్గిమీద గుగ్గిలమై మాస్టారికి రాస్తే, "ఎనిమిది కార్డులతో మనిషిని తెలుసుకున్నావు. చవకే!" అని జవాబిచ్చారు.

కార్డు అందగానే అందిందని చెప్పడం మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. మన ఆడవారిని చూడండి. వాయనం ఇచ్చే ఇల్లాలు ఇచ్చానని నోరారా అంటుంది, పుచ్చుకునే ఇల్లాలు పుచ్చుకున్నానని నోరారా అంటుంది. ఆ రెండో మాట లేనిదే వాయనం పూర్తి కాదు. కార్డుకూ అంతే.

పెట్టె వేరు, పుస్తకం వేరు

మాస్టారు చెప్పిన చివరి పాఠం నాకు మొదట్లో చాదస్తంగా తోచింది. కార్డుల పెట్టె ఎక్కడుంటుందో చిరునామాల పుస్తకం అక్కడ వుంచకూడదట! వేరే గదిలో కూడా కాదు, వేరే కప్పు కింద వుండాలట. 1977లో ఆయన దివిసీమలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు. కలం స్నేహితులు చాలామంది వుండేవారు. నవంబరు 19 నాటి ఉప్పెనలో ఆయన ప్రాణంతో బయటపడ్డారుగాని ట్రంకుపెట్టె పోయింది. "కార్డులు పోయినందుకు ఏడవలేదు. నేను బతికే వున్నానని రాయడానికి వాళ్ల చిరునామాలు కూడా పెట్టెతోనే పోయాయి. ఎందరు నేను పోయాననుకున్నారో!" అన్నారొకసారి. పెద్దాయన మాట కాదనలేక నా పద్దుపుస్తకం కాలేజీలో బల్లసొరుగులో పెట్టాను. పంపిన తేదీ, బొమ్మ, అందిన తేదీ, చిరునామా, అన్నీ అందులోనే.

మాస్టారు ఒకసారి మా ఇంటికి వచ్చారు. మేము సింగ్‌నగర్ వైపు వుంటాము. కింది వాటా. ఆయనకు బ్యారేజీ చూపించాను, ఇంద్రకీలాద్రి చూపించాను. ఆయనకు నచ్చినది మాత్రం మా వీధి మలుపులో వేపచెట్టూ, దాని కింది టీకొట్టూ. వెళ్లేటప్పుడు, "నాయనా, బ్యారేజీ బొమ్మ ఎవరైనా పంపుతారు. ఈ మలుపు నువ్వే పంపగలవు. ఇదొక్కటి పంపు" అన్నారు. బందరు చేరగానే తన వంతు మూడు కార్డులు పంపేశారు కూడాను.

నేను పంపలేదు. ఎండ బాగా లేదని ఒక నెల, పరీక్ష పేపర్లని ఒక నెల. చెట్టెక్కడికి పోతుందిలే అని మరొక నెల. ఇలా ఏడు నెలలు గడిచాయి. అరవై రోజులు దాటితే ఇతరులను అడిగే పెద్దమనిషిని నేనే!

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మరునాడు కృష్ణమ్మ కూడా ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. 1957లో బ్యారేజీ ప్రారంభమైన తరవాత అంత ప్రవాహం ఎన్నడూ రాలేదట. మేము పైవాటావారి దయవల్ల మేడమీద తలదాచుకున్నాము. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు, చుట్టూ చూస్తే మాత్రం నీళ్లే. పడవలో పాలపాకెట్లూ, పులిహోర పొట్లాలూ వచ్చేవి. నీళ్లు తీశాక తలుపు తోసి చూస్తే మంచాలు తేలి మరొక గదిలో వున్నాయి. ట్రంకుపెట్టె మాత్రం కదలలేదు, దాని నిండా బురద. నాన్నగారి మాస్కో, కొలోన్, నా ఆరువందల కార్డులూ కలిసి ఒక్క ముద్దయిపోయాయి. విడదీయబోతే బొమ్మలు చేతికి అంటుకు వచ్చాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. పార తెచ్చి ఇచ్చింది.

కాలేజీ తెరిచిన రోజున సొరుగు తీశాను. పద్దుపుస్తకం పొడిగా వున్నది. ఆ సాయంత్రమే పోస్టాఫీసుకు పోయి ముప్ఫై కార్డులు కొని దేశంలోని మిత్రులందరికీ ఒక్కటే వాక్యం రాశాను: "క్షేమంగా వున్నాము, కార్డులు పోయాయి." విదేశాలవారికీ ఆ వారంలోనే రాశాను.

పది రోజులకు బందరు నుంచి దళసరి కవరొకటి వచ్చింది. విప్పితే అన్నీ నా కార్డులే! ఇన్నేళ్లలో నేను మాస్టారికి పంపిన ఇరవై రెండు కార్డులూ, నా దస్తూరీలో. మా పాత ఇల్లు, మా అమ్మాయి మొదటి బతుకమ్మల కొలువు కాదు, మా అమ్మ పేర్చిన సంక్రాంతి బొమ్మల కొలువు. నాన్నగారి రేడియో పక్కన నాన్నగారు. ఆ ఫొటో అసలు ప్రతి మా ఇంట్లో బురదయిపోయింది. కార్డుగా బందరులో బతికి వున్నది. నేను దాచుకున్నవి నీళ్లపాలయ్యాయి, ఇచ్చేసినవే మిగిలాయి.

నా కళ్లు చెమర్చే లోపున అడుగున మాస్టారి చీటీ కనిపించింది: "ఇవి నీకు తిరిగి ఇవ్వడం లేదు. ఇచ్చిపుచ్చుకున్నాక ఇవి నావి. ఫొటోలు తీసుకుని నెలరోజుల్లో జాగ్రత్తగా పంపించు. నీ బాకీ ఒకటి వున్నది, దానికి తొందర లేదు."

ఫొటోలు తీసుకున్నాను. తరవాత కెమెరా పట్టుకుని వీధి మలుపుకు వెళ్లాను. వేపచెట్టు నిలిచే వున్నది, ఆకులు కింది కొమ్మల మీద బూడిదరంగుకు తిరిగాయి. టీకొట్టు మళ్లీ తెరిచారు. వెనక గోడ మీద మనిషి గుండెలెత్తున నీటిగీత స్పష్టంగా కనిపిస్తున్నది. ఆ గీత పడకుండా తీద్దామా అని ఒక క్షణం అనుకున్నాను. అలాగే తీశాను. ఎండ ఆరోజు కూడా బాగా లేదు.

ఇరవై రెండు కార్డులూ, వాటి మీద ఆ ఇరవైమూడోదీ పెట్టి పంపించాను. వారం తిరక్కుండా అర్ధరూపాయి కార్డు వచ్చింది, ఎర్రసిరాతో: "మలుపు ముట్టింది. బాకీ చెల్లు. ఇప్పుడు పెట్టె ఖాళీగా వున్నది గదా, నీకేం బొమ్మలు కావాలో జాబితా రాసి పంపు. ఈసారి మార్కులు చూసి వేస్తాను."